అమ్మ మొక్కిన చీర

నాకు ఏడేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చి ఇరవై రోజులు మంచం దిగలేదట. జ్వరం తగ్గి పిల్లవాడు లేచి తిరిగితే వాడి చేత నిండు ఆడవేషం కట్టిస్తానని మా అమ్మ తాతయ్యగుంట గంగమ్మకు మొక్కుకుంది. జ్వరం తగ్గింది గానీ మొక్కు మాత్రం ముప్పయి ఏళ్ళకు పైగా అలాగే ఉండిపోయింది. 2023 మే నెలలో, నా ముప్పయ్యెనిమిదో ఏట, చీర కట్టుకుని, చేతుల నిండా గాజులు తొడుక్కుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని తిరుపతి వీధుల్లో నడిచి దానిని తీర్చాను. ఆ ఒక్క రోజు కోసం ఇంట్లో జరిగిన ఏర్పాట్లను, ఆ రోజు వీధిలో నాకు ఎదురైన సంగతులను, అవి నాలో మిగిల్చిన ఆలోచనలను ఇక్కడ రాసుకుంటున్నాను.

తిరుపతి వాళ్ళకు గంగమ్మ జాతర గురించి నేను చెప్పనక్కరలేదు. బయటి ఊళ్ళ వారి కోసం కొంత చెబుతాను. గంగమ్మను వేంకటేశ్వరస్వామికి చెల్లెలిగా భావిస్తారు. జాతర రోజుల్లో తిరుమల తిరుపతి దేవస్థానం నుంచి ఆమెకు పుట్టింటి సారె వస్తుంది. పూర్వం ఈ ప్రాంతాన్ని ఏలిన ఒక పాలెగాడు కంటికి నచ్చిన ఆడపిల్లనల్లా చెరబట్టేవాడని, అవిలాలలో కైకాల వారింట పెరిగిన గంగమ్మ చెయ్యి పట్టుకోబోయి, ఆమె విశ్వరూపం చూసి హడలిపోయి దాక్కున్నాడని, వాణ్ణి బయటికి రప్పించడానికి ఆమె రోజుకొక మారువేషంలో ఊరంతా తిరిగిందని కథ. మంగళవారం రాత్రి చాటింపుతో మొదలై, మరుసటి మంగళవారం జాతరతో, బుధవారం తెల్లవారుజామున విశ్వరూప దర్శనంతో ముగిసే ఆ వారంలో ఆ మారువేషాలే మళ్ళీ వరుసగా వస్తాయి. బైరాగి వేషానికి ఒంటినిండా తెల్లని సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు పూసుకుంటారు. తరువాత దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు వస్తాయి. అమ్మవారి తరఫున వేషం కట్టి ఊరు తిరిగేది కైకాల వంశపు మగవారే. వచ్చినది నిజంగా దొరే అనుకుని పాలెగాడు బయటపడ్డాడని, దొర వేషంలోనే ఆమె వాడి తల నరికిందని చెబుతారు. అంటే ఒక మగవాడు అమ్మవారు అవుతాడు, ఆ అమ్మవారు మళ్ళీ మగ దొర అవుతుంది. మూడు పొరల ఈ వేషాన్ని మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా తడబడకుండా అర్థం చేసుకుంటారు. బట్టలు మార్చితే మనిషి మారవచ్చుననే సంగతి మాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. మేము దాన్ని ఏటా కళ్ళతో చూస్తూ పెరిగాము.

ఈ వేషాలు కైకాల వారికి మాత్రమే పరిమితం కాదు. మొక్కుకున్న ఎవరైనా కట్టవచ్చు. పసిపిల్లలకు సుద్ద పూసి చేతికి వేపమండ ఇచ్చి గుడికి తీసుకుపోయే తల్లులు వేలమంది ఉంటారు. జాతర నాటికి వీధుల్లో ఎక్కడ చూసినా చీరలు కట్టుకున్న మగవాళ్ళే కనబడతారు. వారిలో తాతలుంటారు, ఆటో నడిపేవారుంటారు, కాలేజీ కుర్రాళ్ళుంటారు. కొందరు మీసాలతోనే చీర కడతారు, కొందరు ముఖం నున్నగా గీయించుకుని నగలన్నీ పెట్టుకుని వస్తారు. నేనూ చిన్నప్పుడు బైరాగి వేషం, బండ వేషం కట్టాను. అవి కట్టడానికి నాకు ఏ ఇబ్బందీ కలగలేదు. ఆడవేషం మాటెత్తితే మాత్రం వచ్చే ఏడు చూద్దామనేవాణ్ణి. పదిహేనేళ్ళ వయసులో పరీక్షలని, ఇరవై ఏళ్ళకు ఉద్యోగ ప్రయత్నమని, ముప్పయి దాటాక సెలవు దొరకలేదని చెప్పాను. అసలు కారణం సిగ్గు. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు ఆలోచిస్తే, పెరుగుతున్నప్పుడు నా చుట్టూ వినబడిన మాటల నుంచే వచ్చిందని తెలుస్తున్నది. చేతకాని మగవాణ్ణి గాజులు తొడుక్కొమ్మంటారు. పని చేయని అధికారికి చీర, గాజులు, పసుపు కుంకుమలు పళ్ళెంలో పెట్టి ఇచ్చి నిరసన తెలుపుతారు. ఆడవాళ్ళు ముందుండి నడిపే నిరసనల్లో కూడా అదే పళ్ళెం కనబడుతుంది. ఇంట్లో పూజగదిలో ఉండే వస్తువులే వీధిలో అవమానానికి గుర్తులుగా మారిపోతాయి. అదే చీరను, అవే గాజులను భక్తితో ఒంటిమీద వేసుకొమ్మని ఒకవైపు అమ్మవారు అడుగుతున్నది. ఈ రెండింటి మధ్య నేను ముప్పయి ఏళ్ళు తప్పించుకు తిరిగాను.

మా నాయన పోయిన రెండేళ్ళకు అమ్మ ఒక రాత్రి ఫోన్ చేసి, “నేను పొయ్యేలోగా ఆ రుణం తీర్చు నాయనా” అన్నది. ఇంకేమీ అనలేదు. నేను హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగిని. మరుసటి రోజే సెలవు పెట్టాను.

మొదటి పని జాకెట్టు. నా భార్య జాకెట్టు నా భుజాలకు చాలదు కనుక కుట్టించుకోక తప్పలేదు. జాతర ముందు తిరుపతిలో మగవాళ్ళు జాకెట్టు కొలతలకు రావడం వింత కాదు. ఆ దర్జీ తల కూడా ఎత్తకుండా టేపు చేతిలోకి తీసుకుని, “లోపల ఏం పెట్టుకుంటారన్నా? దాన్నిబట్టి గదా నేను కొలత తీసేది” అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. గుడ్డ ఉండలు చాలునని అతనే చెప్పాడు. తరువాత హుక్కులు ముందా వెనకా, మెడ ఎంత లోతు, చేతులు మోచేతి దాకానా పైకా, వీపు ఎంత తెరిచి ఉంచాలి అని ఒక్కొక్కటే అడిగాడు. నా చొక్కా కొలతలిచ్చేటప్పుడు ఎవరూ నన్ను ఇలాంటివి అడగలేదు. చొక్కా ఒంటిని కప్పితే చాలు. జాకెట్టుకు మాత్రం ఏది కప్పాలి, ఏది ఎంతవరకు కనబడాలి అన్నది అంగుళం అంగుళంగా తేల్చుకోవలసి ఉంటుంది. నా భార్య పక్కనే నిలబడి, “మెడ మరీ లోతొద్దు, అత్తయ్య ఒప్పుకోదు” అన్నది. అత్తగారి ఇష్టాన్ని, వీధి చూపును, ఎండను, పెళ్ళిలో తీసే ఫోటోను లెక్కలోకి తీసుకుని తాను పదమూడేళ్ళుగా ఆ కొలతలు ఇస్తున్నదని ఆ రోజు దాకా నేను గమనించలేదు.

రెండవది మీసం. కొందరు మీసంతోనే వేషం కడతారు కనుక నేనూ ఉంచుకోవచ్చు. కానీ అమ్మ మొక్కినది నిండు వేషం. మా ఇళ్ళలో తండ్రి బతికుండగా మీసం తీయకూడదంటారు. నాయన కర్మ నాడు మొదటిసారి తీశాను, ఇది రెండవసారి. మంగలి కత్తి పై పెదవి మీద నడుస్తున్నంతసేపు నాకు నాయన కర్మ జరిగిన ఏటి గట్టే గుర్తుకు వచ్చింది. మగతనానికి గుర్తని మెలేసి చూపించే ఆ నాలుగు వెంట్రుకలు మన ఆచారంలో రెండు సందర్భాల్లోనే రాలతాయి. ఒకటి చావు, రెండోది దేవుడు.

జుట్టు సంగతి కూడా చెప్పాలి. నాకు తెచ్చిన సవరం నిజమైన వెంట్రుకలది. తిరుమల కల్యాణకట్టలో భక్తులు ఇచ్చే తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుందని, అవి సవరాలకు, విగ్గులకు దేశదేశాలకు పోతాయని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ సవరంలోని వెంట్రుకలు ఎవరివో నాకు తెలియదు. మా తాతమ్మకు భర్త పోగానే బలవంతంగా తల గొరిగించారని ఇంట్లో చెప్పుకునేవారు. ఆమె బతికినంతకాలం ముసుగు తీయలేదట. ఇప్పుడు అదే ఊరి కొండ మీద ముత్తయిదువలు సంతోషంగా గుండు చేయించుకుని, గంధం పూసుకుని, పసుపుతాడుతో, నిండు బొట్టుతో దర్శనానికి పోతున్నారు, వారిని చూసి ఎవరూ అపశకునమనరు. రెండూ గుండ్లే. పక్కన బొట్టు ఉన్నదా లేదా అన్నదానిని బట్టి ఒకదానిని మొక్కు అంటున్నాము, మరొకదానిని శిక్షగా వాడుకున్నాము.

జాతర మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి నన్ను లేపారు. తలంటి పోసుకుని, ముఖానికి, పాదాలకు పసుపు రాసుకుని కూర్చున్నాను. నా భార్య ముందు లంగా బొందు బిగించింది. ఎంత బిగించిందంటే, ఊపిరి ఆడడం లేదని చెప్పాను. “ఇంత బిగించకపోతే కుచ్చిళ్ళు నిలవవు” అని ఇంకో ముడి వేసింది. చీర ఐదున్నర మీటర్లు. ఒక చుట్టు తిప్పి, పైట పొడవు చూసుకుని భుజాన వేసి, మిగిలిన గుడ్డను బొటనవేలికీ చిటికెన వేలికీ మధ్య మడతలు పెడుతూ ఏడు కుచ్చిళ్ళు తీసి, వాటి అంచులు నేలకు సమంగా ఉన్నాయో లేదో కూర్చుని చూసి, బొడ్డు దగ్గర దోపి పిన్నీసు పెట్టింది. పైటకు భుజం మీద ఒక పిన్నీసు, నడుము దగ్గర ఒకటి. ఇదంతా రెండు నిమిషాల్లో చేసేసింది. నేను అద్దంలో చూసుకుంటూ ఉంటే, మా తొమ్మిదేళ్ళ పాప తలుపు దగ్గర నిలబడి, “నాన్నా, నువ్వు మేనత్తలాగా ఉన్నావు” అన్నది. నిజమే, నేను మా అక్కలాగే ఉన్నాను. ఆ పోలిక ఇన్నాళ్ళూ మీసం చాటున ఉండిపోయింది.

గాజులు తొడిగారు, పూలు పెట్టారు. బొట్టు మిగిలింది. మొక్కింది అమ్మ కనుక అమ్మే పెట్టాలని కుంకుమ భరిణె ఆమె ముందుకు జరిపాను. అమ్మ చెయ్యి చాపింది, భరిణె దాకా వచ్చిన వేళ్ళను వెనక్కు తీసుకుంది. “ఆ అమ్మాయి చేత పెట్టించుకో” అన్నది. నేను పట్టుబట్టాను. “శుభమా అని వేషం కడుతున్నావు, నా చేత్తో వద్దు నాయనా” అని లేచి వంటింట్లోకి పోయింది. నా నుదుట ఎర్రని బొట్టు, చేతులకు మట్టిగాజులు, జడలో పూలు, కాళ్ళకు పసుపు. అవన్నీ రెండేళ్ళ క్రితం ఆమె ఒంటి మీద నుంచి ఒక్కొక్కటే తీసేసినవి. పుట్టుకతో మగవాణ్ణయిన నాకు ఒక్క పూట కోసం వాటన్నింటినీ ఆదరంగా అలంకరించిన ఆచారం, యాభై ఏళ్ళు వాటితోనే బతికిన మనిషికి వాటిని తాకే హక్కు లేదని నమ్మించింది. ఆ రోజు నేను చూసిన వాటన్నింటిలో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదే.

ఇంటి నుంచి గుడి దాకా నడక. మొదటి పది అడుగుల్లోనే చీర నా నడకను మార్చేసింది. లంగా అంచు మోకాళ్ళ కింద పట్టి ఉంచడం వల్ల నా మామూలు అంగ పడదు, అడుగు సగానికి తగ్గింది. కుచ్చిళ్ళు కాలికి తగలకుండా చూసుకోవడానికి తల దించవలసి వచ్చింది. పైట జారుతున్నదేమో అని ఎడమ చెయ్యి మాటిమాటికీ భుజం మీదికి పోయేది. జాకెట్టు చంకల దగ్గర పట్టేయడంతో కుడి చెయ్యి పైకి లేవలేదు. ఫోను, డబ్బులు పెట్టుకోవడానికి జేబు లేదు. తల వంచుకుని, చిన్న అడుగులు వేస్తూ, చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని నడిచే ఆడపిల్లను మనం అణకువ గల పిల్ల అంటాము. ఆ అణకువలో సగం నాకు ఆ పూట పావుగంటలో గుడ్డ నేర్పింది. మిగతా సగం ఎలా నేర్పుతారని ఆ రాత్రి నా భార్యను అడిగాను. ఓణీలు వేసిన రోజు నుంచి నేర్పారని చెప్పింది. అంతకుముందు రోజు దాకా గౌను వేసుకుని మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కిన పిల్లను పదకొండు రోజులు ఒక మూలన చాప మీద కూర్చోబెట్టి, తరువాత పీటల మీద కూర్చోబెట్టి, మేనమామ తెచ్చిన లంగా ఓణీ కట్టి, ఊరందరికీ భోజనాలు పెట్టారట. ఆ మర్నాడు మేడ ఎక్కబోతే వాళ్ళ అవ్వ, “ఇంక నువ్వు గంతులేసే పిల్లవి గాదు” అన్నదట. ఆ ఓణీ తనకు ఎంతో నచ్చిందని, అది కట్టుకున్న నాడే మెట్లెక్కడం తనకు దూరమైందని, ఆ రెండింటినీ తాను ఈనాటికీ విడదీసి చూడలేనని ఆమె చెప్పింది.

గాంధీ రోడ్డు దాటేసరికి ఎండ ఎక్కింది. డప్పులు, వేపమండలు, పొంగళ్ళ కుండలు, కాళ్ళు కాలుతున్న జనం. ఆ తోపులాటలో వెనక నుంచి ఎవరో నా నడుము గిల్లారు. పొరపాటున తగిలిన చెయ్యి కాదది. పైటకూ కుచ్చిళ్ళకూ మధ్య చర్మం కనబడే చోటును వెతుక్కుని, గిల్లి, ఒక క్షణం ఆగిన చెయ్యి. నేను వెనక్కు తిరిగి గట్టిగా, “ఏయ్!” అని అరిచాను. ఇరవై ఏళ్ళ కుర్రాడు నా గొంతు విని తెల్లబోయాడు. “సారీ అన్నా, సారీ, చూసుకోలేదు” అని చేతులు జోడించి జనంలో కలిసిపోయాడు. నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. అతను క్షమాపణ అడిగింది గిల్లినందుకు కాదు. చీర లోపల ఉన్నది అన్న అయినందుకు అడిగాడు. నాకు మూడు అడుగుల ముందు నా భార్య మా పాప చెయ్యి పట్టుకుని నడుస్తున్నది. ఆడపిల్లల మీద చెయ్యి వేసిన ఒక పాలెగాణ్ణి వెతికి చంపిన తల్లి జాతర అది. ఆ వీధిలోనే ఆ చెయ్యి నా నడుము దాకా వచ్చింది. రాత్రి ఈ సంగతి చెబితే నా భార్య ఆశ్చర్యపోలేదు. తాను పైటకు నడుము దగ్గర రెండో పిన్నీసు ఎందుకు పెడుతుందో అప్పుడు చెప్పింది.

గుడి వరుసలో రెండు గంటలు నిలబడ్డాను. నా వెనక ఉన్నామె ట్రాన్స్‌జెండర్ మహిళ అని మాట్లాడితే గానీ నాకు తెలియలేదు. నేను అలసిపోయి నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడితే, “అట్ల నిలబడొద్దన్నా, ఆడోళ్ళు అట్ల నిలబడరు, సినిమాలో నిలబడతారు” అని చెప్పి, జారిన నా పైట సర్ది పిన్నీసు మార్చి పెట్టింది. ఆమె చీర ముదురాకు పచ్చ నేతచీర, నలగకుండా, ఒక్క మడత చెదరకుండా ఉన్నది. ఏటా వస్తావా అక్కా అని అడిగాను. “ఏ ఊళ్ళో ఉన్నా ఈ రోజుకు వస్తానన్నా. ఈ ఒక్కరోజు ఈ వీధిలో నా దిక్కు ఎవరూ చూడరు. నేను గూడా మొక్కు కోసరమే కట్టినానని అనుకుంటారు” అన్నది.

ఆ మాటకు నేను ఏమీ బదులు చెప్పలేదు. వరుస కదిలింది. లోపల అమ్మవారిని చూసినప్పుడు మొక్కు తీరిందన్న తేలిక కలిగింది, ఒంట్లో వణుకు వచ్చింది, కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. నేను ఆమె భక్తుణ్ణి, ఇప్పటికీ భక్తుణ్ణే. ఆ చీర నాకు ఆమె ఇచ్చిన గౌరవమని నమ్ముతున్నాను. అందువల్లనే వరుసలో విన్న ఆ మాట నన్ను అంతగా పట్టుకుంది.

తెలుగునాట మగవాడు ఆడవేషం కట్టడం వింత కానే కాదు. కూచిపూడి భాగవతుల్లో తరతరాలు సత్యభామను మగవారే ఆడారు. వేదాంతం సత్యనారాయణశర్మకు 1970లో, అంతకుముందు రంగస్థలం మీద స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ వచ్చింది. వారి నడకను, పైట సర్దుకునే తీరును చూసి ఆడవాళ్ళే నేర్చుకునేవారని పెద్దలు మురిసిపోతూ చెబుతారు. ఆ రంగస్థలం మీదికి కులస్త్రీ రాకూడదన్న నియమం వల్లనే ఆ కళ అంత పదునెక్కిందన్నది కూడా నిజం. మరోవైపు హైదరాబాదు సంస్థానంలో 1919లో ఒక చట్టం చేశారు. రిజిస్టరులో పేరెక్కిన హిజ్రా ఆడవాళ్ళ బట్టల్లో గానీ, నగలతో గానీ వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చునని, రెండేళ్ళ దాకా జైలులో పెట్టవచ్చునని అందులో రాశారు. మనిషి ఎలా కనబడాలి, ఏ బట్టలు కట్టుకోవాలి అన్నది రాజ్యాంగం ఇచ్చిన భావప్రకటనా స్వేచ్ఛలో భాగమేనని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పు ఇచ్చిన తరువాత కూడా ఆ పాత చట్టం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. నేను చీర కట్టిన రెండు నెలలకు, 2023 జూలైలో, తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేసింది. ఆ వార్తను నేను బ్యాంకులో మధ్యాహ్న భోజనం చేస్తూ చదివాను. నేను ఉద్యోగం చేస్తున్న ఆ నగరంలో నూరేళ్ళకు పైగా ఒక నేరం కింద రాసిపెట్టిన బట్టలనే మా ఊరి వీధిలో నా ఒంటి మీద చూసి ముసలమ్మలు చేతులెత్తి మొక్కారు.

ఆ వార్త చదివి నేను ఫోన్ చేసినది నా చిన్ననాటి స్నేహితుడికి. బడిలో అతన్ని “ఆడంగి” అని పిలిచేవారు. జాతర వచ్చిందంటే అతని ముఖం వెలిగిపోయేది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఏటా ఆడవేషం కట్టాడు. చీర కుచ్చిళ్ళు తనే తీసుకునేవాడు, కాటుక తనే పెట్టుకునేవాడు. చిన్నప్పుడు అందరూ ముచ్చటపడ్డారు. పదహారో ఏట వాళ్ళ నాయన వద్దన్నాడు. మొక్కు లేకుండా కడుతున్నాడని, మరీ సంతోషంగా కడుతున్నాడని, చూసేవాళ్ళు ఏమేమో అంటున్నారని కారణం చెప్పాడు. నేను సిగ్గుతో ముప్పయి ఏళ్ళు వాయిదా వేసిన దానిని అతను ఇష్టంతో కోరుకున్నాడు. నా సిగ్గు ఇంట్లో వాళ్ళకు సహజంగా కనబడింది, అతని ఇష్టం వాళ్ళ ఇంట్లో వాళ్ళను భయపెట్టింది. ఇంటర్ అయ్యాక ఊరు వదిలిపోయాడు. 2018 సెప్టెంబరులో స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 377వ సెక్షన్ మీద తీర్పు ఇచ్చిన రాత్రి బెంగళూరు నుంచి ఫోన్ చేసి, తనతో ఉంటున్న మనిషి గురించి మొదటిసారి నాకు చెప్పాడు. ఈసారి నేను చీర కట్టిన సంగతి అంతా విని, “కుచ్చిళ్ళు ఎన్ని తీశారు?” అని అడిగాడు. ఏడు అన్నాను. “నీ ఎత్తుకు ఆరు చాలు” అన్నాడు. తరువాత ఇద్దరమూ చాలాసేపు మాట్లాడలేదు.

ఆ మంగళవారం రాత్రి ఇంటికి చేరాక చీర విప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. లంగా బొందు ముడి పడిన చోట నడుము చుట్టూ వాత తేలింది. నా భార్య నడుము మీద అలాంటిదే నల్లని చార ఉన్నది. అది పుట్టుమచ్చ లాంటిదేదో అని నేను పెళ్ళయిన నాటి నుంచి అనుకుంటూ వచ్చాను. గాజులు మాత్రం రాలేదు. ఎండకు చేతులు ఉబ్బాయి. సబ్బు రాసి, కొబ్బరినూనె రాసి ఒక్కొక్కటే తీశారు. కుడి చేతికి రెండు మిగిలిపోయాయి. పగలగొట్టేద్దామని నేను చెయ్యి గోడకు ఎత్తగానే అమ్మ పరుగున వచ్చి పట్టుకుంది. మా ఇళ్ళలో మంగళసూత్రం తాడు తెగితే తెగిందనరు, పెరిగిందంటారు. గాజుల విషయంలోనూ అంత పట్టింపే. కావాలని గాజు పగలగొట్టడం ఎప్పుడు జరుగుతుందో ఆమెకు తెలుసు, ఆమె చేతులకు అది జరిగింది. “వాటంతట అవి వచ్చేదాకా ఉండనీ నాయనా” అన్నది. ఉండనిచ్చాను.

గురువారం ఆ రెండు ఆకుపచ్చ మట్టిగాజులతోనే హైదరాబాదులో బ్యాంకుకు పోయాను. మొదటి రోజు పొడుగు చేతుల చొక్కా వేసుకుని గుండీ పెట్టుకున్నాను. నోట్లు లెక్కపెడుతుంటే లోపల అవి గలగలమన్నాయి. రెండో రోజు చేతులు మడిచాను. కౌంటరు దగ్గర ఇద్దరు అడిగారు, గంగమ్మ మొక్కు అని చెప్పాను, ఇద్దరూ కళ్ళకద్దుకున్నట్టుగా తల ఊపారు. మా మేనేజరు అయితే ప్రసాదం తెచ్చావా అని అడిగాడు. ఆ ఒక్క మాట నన్ను ఎంత భద్రంగా కాపాడుతున్నదో నాకు అప్పుడు తెలిసింది. వరుసలో నా పైట సర్దిన ఆమెకు ఏడాదిలో ఒక్కరోజు మాత్రమే దక్కే మాట అది. నా స్నేహితుడికి పదహారో ఏటి నుంచి ఆ ఒక్కరోజు కూడా దక్కలేదు. మూడో రోజు ఆ మాట చెప్పకుండా ఉండాలని నిశ్చయించుకున్నాను. ఎవరైనా అడిగితే, నాకు నచ్చి వేసుకున్నానని చెప్పాలనుకున్నాను. బస్సులో ఆ వాక్యాన్ని నాలుగైదుసార్లు మనసులో అనుకున్నాను కూడా. మధ్యాహ్నం, బ్యాంకు మూసే వేళకు, డిపాజిట్టు కాగితం పట్టుకుని వచ్చిన ఒక పెద్దాయన నా చేతి వంక చూసి, “ఇదేంటి బాబూ, గాజులు?” అని అడిగాడు.

మొక్కండీ, అన్నాను.